గీత తొక్కిన కాలు

వెండల్ క్రౌచ్ మార్లో ఊళ్ళో ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. అందులో ఇరవై ఆరేళ్ళు, చలికాలం ముందు వచ్చే ప్రతి శనివారమూ, మార్లో కాలేజీలో, బంతి చేత్తో పట్టి పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ మైదానంలో గొలుసు పట్టుకున్నాడు. అది పది గజాల గొలుసు. రెండు కొసలకూ రెండు కర్రలుంటాయి. బంతి పట్టిన జట్టు పది గజాలు జరిగిందా లేదా అని తేల్చేది ఆ గొలుసే. దాన్ని పట్టేది ఊరివాళ్ళే గాని, ఆట సాగినంతసేపూ వాళ్ళు రెఫరీల మనుషులు. చప్పట్లు కొట్టకూడదు, కేకలేయకూడదు, చూసింది చెప్పకూడదు. వెండల్ ఆ కట్టుబాటును ఒక్కనాడూ తప్పలేదు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాకే భార్య ఆర్డిత్‌తో "గెలిచాం" అని నవ్వేవాడు.

ఆ ఏడు నవంబరులో డన్‌బార్ కాలేజీతో ఆట వచ్చింది. డన్‌బార్ ఊరు నదికి అవతల, ఇరవై మైళ్ళ దూరం. రెండు ఊళ్ళ మధ్య వియ్యాలున్నాయి, వ్యాపారాలున్నాయి. ఆ ఒక్క వారం మాత్రం వంతెన మీద ఎదురైన కారును చూసి కిటికీ దించి తిట్టుకుంటారు. గెలిచినవాళ్ళకు దక్కేది నూరేళ్ళనాటి ఇనప కాగు. ఒకప్పుడు దానిలో బట్టలు ఉడకబెట్టేవారట. గెలిచిన జట్టు మర్నాడు ఆ కాగులో చిక్కుడుగింజలూ పంది మాంసమూ వేసి పులుసు కాచి, ఊరందరికీ పోస్తుంది.

ఆట ఆఖరుకు పదకొండు సెకన్లు మిగిలాయి. డన్‌బార్ పదిహేడు, మార్లో పద్నాలుగు. మార్లో కుర్రాడొకడు పక్క గీత వెంబడి పరిగెత్తుతూ బంతి అందుకున్నాడు. బంతి చేతుల్లో ఒకసారి ఎగిరింది, రెండుసార్లు ఎగిరింది, చివరికి చిక్కింది. సరిగ్గా వెండల్ ముందు, రెండు మూరల దూరంలో, ఆ కుర్రాడి ఎడమ కాలు తెల్ల గీత మీద పడింది. సుద్ద పొడి లేచి వెండల్ బూట్ల మీద రాలింది. గీత తొక్కితే ఆట అక్కడే ఆగాలి. ఆగలేదు. కుర్రాడు ఇంకో మూడు గజాలు పరిగెత్తి చివరి గీత దాటాడు. ఆ పక్కన కాపలా ఉన్న రెఫరీ లీలండ్ ప్రూయిట్ రెండు చేతులూ పైకెత్తాడు. టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. మార్లో గెలిచింది.

మార్లో జనం కంచె దూకి మైదానంలోకి వచ్చారు. వెండల్ కర్ర పట్టుకుని ఉన్నచోటే నిలబడ్డాడు. ఇంటికెళ్ళాక ఆ రోజు "గెలిచాం" అనలేదు.

ఆదివారం కాలేజీ ముందర పులుసు పంపకం. వెండల్ బావమరిది డెల్మర్, టైర్ల కొట్టు యజమాని, మార్లో జట్టు ఆకుపచ్చ రంగు మొహానికి పూసుకుని వరసలో అందరికంటే ముందున్నాడు.

"బావా! నీ ముందే కదా జరిగింది! చెప్పు, చెప్పు, గీతకు ఎంత దూరంలో పడింది కాలు?"

"నన్నడక్కురా. గొలుసు పట్టేవాళ్ళు మాట్లాడకూడదు."

"అంటే పడిందన్నమాట!" డెల్మర్ పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వులో వెండల్‌కు ఒక సంగతి తెలిసింది. అక్కడున్న వాళ్ళలో సగం మందికి అనుమానం ఉంది. అనుమానం ఉన్నందుకే ఇంకా రుచిగా తింటున్నారు.

కోచ్ హాల్‌స్టెడ్ స్వయంగా వచ్చి వెండల్ గిన్నెలో ఇంకో గరిటె పోశాడు. చెవి దగ్గర వంగి, "నీకు కళ్ళు బాగా పనిచేస్తాయి వెండల్, నోరు అంతకన్నా బాగా పనిచేస్తుంది. మూతపడి ఉంటుంది చూశావూ, అందుకు" అని కన్ను గీటాడు.

గిన్నెలో పులుసు పైన కొవ్వు గడ్డకడుతోంది. వెండల్ నోట్లో ఉన్న ముక్కను చేతిరుమాల్లోకి ఉమ్మేశాడు. సరిగ్గా అప్పుడే జిల్లా పత్రిక విలేకరి, పెట్రా లిండ్‌గ్రెన్ అనే మనిషి, పక్కన నిలబడి అడిగింది. "క్రౌచ్ గారూ, వీడియోల్లో మనుషులు అడ్డమొచ్చారు. ఏమీ కనబడటం లేదు. మీరు చూశారా?"

ఇంకో రోజైతే తల అడ్డంగా ఊపేవాడు.

"చూశాను. కాలు గీత మీదే పడింది. సుద్ద నా బూట్ల మీద పడింది. రెఫరీది మోసం కాదు, పొరపాటు. అది కూడా రాయండి" అన్నాడు.

మంగళవారం పత్రికలో మొదటి మాట పెద్ద అక్షరాలతో వచ్చింది. రెండో మాట రాలేదు.

లీగ్ వాళ్ళు ఫలితం మార్చలేదు. ఆట అయిపోయాక మార్చే పద్ధతి లేదన్నారు. మార్లోలో మాత్రం మారాల్సినవన్నీ మారాయి. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే కాఫీ తాగే హోటల్లో వెండల్ కూర్చుంటే ఎవరూ వచ్చి ఏం కావాలని అడగలేదు. చర్చిలో అతని బల్ల మీద భార్యాభర్తలిద్దరే మిగిలారు. కాలేజీ నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, ఇక గొలుసు పట్టనక్కర్లేదని. శుక్రవారం పొద్దున ఆర్డిత్ తలుపు తీసేసరికి వాకిట్లో చేపల పేగులూ తలకాయలూ పోసి ఉన్నాయి. మంచు కురిసి వాటి మీద తెల్లగా పేరుకుంది. పిల్లి ఒకటి అప్పటికే వచ్చి కూర్చుంది.

ఆర్డిత్ కోటు తొడుక్కుని తమ్ముడి టైర్ల కొట్టుకు వెళ్ళింది. అరగంటలో తిరిగొచ్చింది.

"ఏమన్నాడు?" అన్నాడు వెండల్, వాకిలి శుభ్రం చేస్తున్న పార ఆపి.

"'నేను పోయలేదక్కా' అన్నాడు. 'మరి పోసినవాళ్ళను చూశావా' అన్నాను. 'చూస్తే మాత్రం ఆపుతానా' అన్నాడు." ఆవిడ చేతి తొడుగులు తీసి బల్ల మీద విసిరింది. "వాణ్ణి నేనే ఎత్తుకుని పెంచాను వెండల్. మా అమ్మ పనికి పోతే నేనే పాలు పట్టాను."

నది అవతల ఇంకో కథ నడుస్తోంది. డన్‌బార్ వాళ్ళు వెండల్ మొహాన్ని చొక్కాల మీద అచ్చేయించి కింద 'నిజాయితీ వెండల్' అని రాయించారు. మిఠాయి డబ్బాలు పంపారు, ఉత్తరాలు పంపారు. తమ జట్టు ఏడాది చివరి విందుకు ముఖ్య అతిథిగా రమ్మన్నారు.

"వెళ్ళకు" అంది ఆర్డిత్.

"వెళ్ళి ఒక్క మాట చెప్పొస్తాను. పత్రికలో రాకుండా పోయిందే, ఆ మాట."

విందు డన్‌బార్ కాలేజీ వ్యాయామశాలలో, డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం. వేయించిన కోడి, చిదిమిన బంగాళాదుంపలు, పొడవాటి బల్లలు. వెండల్ లోపలికి అడుగుపెట్టగానే ఆరొందల మంది లేచి నిలబడ్డారు. ఆరొందల రొమ్ముల మీద అతనికి తన మొహమే కనబడింది. ఒక లావుపాటాయన తన పొట్ట మీద సాగిపోయిన వెండల్ మొహాన్ని తట్టి చూపించి సంతకం చేయమన్నాడు.

డన్‌బార్ వాళ్ళకు ఒక ఆచారం ఉంది. విందు చివర, మార్లో ఆకుపచ్చ చొక్కా తొడిగిన గడ్డి బొమ్మను దూలానికి వేలాడదీసి, వరసగా వచ్చి తలా ఒక కర్రదెబ్బ వేస్తారు. ఆ ఏడు బొమ్మకు ఆకుపచ్చ చొక్కా లేదు. నలుపూ తెలుపూ చారల రెఫరీ చొక్కా ఉంది. మెడలో అట్టముక్క కట్టారు. దాని మీద లీలండ్ ప్రూయిట్ పేరూ, అతని ఇంటి అడ్రసూ, ఫోన్ నంబరూ రాసి ఉన్నాయి. పిల్లలు ఆ నంబరును పాటలా పాడుతున్నారు.

వేదిక మీదున్న ఆయన, పూర్వవిద్యార్థుల సంఘం అధ్యక్షుడు, కర్రను రెండు చేతులా పట్టి వెండల్‌కు అందించాడు. "మొదటి దెబ్బ మీదే క్రౌచ్ గారూ! అర్హత మీకే ఉంది!"

వెండల్ కర్ర ముట్టుకోకుండా మైకు దగ్గరికి వెళ్ళాడు. "ఆ రెఫరీ మోసగాడు కాదు. పొరపాటు పడ్డాడు. ఆ అట్ట తీసేయండి."

ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. అతను ఏమన్నాడో వాళ్ళు వినలేదు. "నిజాయితీ! నిజాయితీ!" అని బల్లలు చరుస్తున్నారు. అతను మళ్ళీ చెప్పాడు, గట్టిగా. ఈసారి వినబడిన కొందరు మొహాలు చిట్లించారు. "ముసలాయనకు జాలిగుండె లెండి" అని అధ్యక్షుడు నవ్వుతూ మైకు లాక్కుని, కర్రను పక్కనున్న అమ్మాయికిచ్చాడు. ఏడేళ్ళుంటాయేమో. ఆ పిల్ల నాలుక కొరుక్కుని, గురి చూసి, బొమ్మ కడుపులో కొట్టింది. గడ్డి రాలింది. హాలంతా ఊగిపోయింది. పిల్ల తల్లి ఆనందంతో కళ్ళు తుడుచుకుంది.

వెండల్ వంటగది దారిన బయటికొచ్చి, చెత్త డబ్బాల పక్కన వాంతి చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను ప్రూయిట్ ఉండే ఊరు ఆష్‌బీకి కారు నడిపాడు. అట్టముక్క మీది అడ్రసు గుర్తుంది. ఉత్తరాలు పంచినవాడికి అడ్రసులు మరపు రావు. ప్రూయిట్ ఇంటి ముందర, చేతికి రబ్బరు తొడుగులతో, ఇంటికొచ్చే ఉత్తరాలు వేసే పోస్టు డబ్బా దగ్గర వంగి ఏదో గీకుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, గడ్డం మాసి ఉన్నాడు.

"నేను వెండల్ క్రౌచ్‌నండి. ఆ రోజు గొలుసు..."

"తెలుసు. మిమ్మల్ని చొక్కాల మీద చూశాను."

డబ్బాలో చచ్చిన అడవిపిల్లి కుళ్ళి ఉంది. ఎన్నాళ్ళయిందో, బొచ్చు ఇనుముకు అంటుకుపోయింది. వెండల్‌కు ఆ కంపు కన్నా అది ఉన్న చోటు ఎక్కువ బాధ పెట్టింది. అతను జీవితమంతా అలాంటి డబ్బాల్లో పెళ్ళి శుభలేఖలూ, ఆసుపత్రి కబుర్లూ, సైన్యంలో ఉన్న కొడుకుల ఉత్తరాలూ పెట్టినవాడు. కోటు విప్పి కంచె మీద వేశాడు.

"ఇంకో తొడుగుల జత ఉందా?"

ప్రూయిట్ లోపలికెళ్ళి తెచ్చిచ్చాడు. వేడినీళ్ళూ, బ్లీచింగూ, ఒక పాత చాకూ. ఇద్దరూ గీకారు.

"బంతి వాడి చేతుల్లో ఎగురుతోంది," అన్నాడు ప్రూయిట్ ఉన్నట్టుండి. "చేతులు చూడాలా, కాళ్ళు చూడాలా? అర సెకను. చేతులు చూశాను. పట్టు కుదిరిందా లేదా అనేదే నాకు పెద్దదనిపించింది."

"నన్నడిగి ఉంటే..."

"అడగకూడదు. మీరు చెప్పకూడదు. ఆ పొద్దున మీకు నేనే చెప్పానుగా, ఆటకు ముందు నిలబెట్టి."

"చెప్పారు." వెండల్ చాకు ఆపాడు. "నేను పత్రికవాళ్ళకు చెప్పడమే తప్పయిందండీ. మీ మీదికి వదిలినట్టయింది వాళ్ళను."

"మీరు అబద్ధం చెప్పలేదు. అందరూ అడిగింది అదేగా, నిజం కావాలని." ప్రూయిట్ నీళ్ళ బకెట్ వొంపాడు. "బళ్ళో జీవశాస్త్రం చెప్తాను నేను. కొన్నాళ్ళు రావద్దన్నారు, పిల్లల తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారని. మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. ఫోను మోగితే చాలు, వణికిపోయేది."

రోడ్డు మీద ఒక కారు నెమ్మదించింది. అద్దం దిగింది. లోపలి నుంచి ఎవరో బూతు మాట అరిచారు, కారు వెళ్ళిపోయింది. ఏ ఊరి కారో, ఇద్దరిలో ఎవర్ని తిట్టారో తెలియలేదు.

ప్రూయిట్ ఆ తరవాత రెఫరీ పని మానేశాడు. వసంతంలో బడికి తిరిగి వెళ్ళాడు. అతనూ వెండలూ అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవారు, ఎక్కువగా తోటల గురించి, పళ్ళనొప్పుల గురించి. ఆట గురించి మాట్లాడలేదు.

మళ్ళీ నవంబరు వచ్చింది, డన్‌బార్‌తో ఆటా వచ్చింది. వెండల్ మైదానం వైపు వెళ్ళలేదు, రేడియో కూడా పెట్టలేదు. ఆదివారం పొద్దున తలుపు చప్పుడైతే తీశాడు. డెల్మర్. ఏడాదిగా గడప తొక్కని మనిషి, ఏమీ జరగనట్టు లోపలికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"దొంగ వెధవలు బావా! ముంచేశారు మనల్ని! బంతి మనవాడు శుభ్రంగా పట్టాడు, నేల తగల్లేదు. ఆ రెఫరీ తగిలిందన్నాడు. కాగు పట్టుకుపోయారు!"

"ఊఁ."

"నువ్వొక మాట చెప్పాలి." డెల్మర్ ముందుకు జరిగాడు. "నువ్వు చెప్తే నమ్మనివాడు లేడు ఈ రాష్ట్రంలో. నిజాయితీ వెండల్ అని వాళ్ళే పేరు పెట్టారాయె. నీ నోటితోనే వాళ్ళ నోరు మూయించాలి."

"నేను ఆటకే రాలేదురా."

"కంచె అవతల నిలబడి చూశానని చెప్పు. ఎవడు కాదంటాడు? కావాలంటే నేను సాక్ష్యం."

ఆర్డిత్ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తడి చేతుల్లోంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి. వెండల్ బావమరిది మొహంలోకి చూశాడు. సిగ్గు ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతికాడు. ఆ మొహంలో ఉన్నదల్లా ఆశ. పసివాడు మిఠాయి అడిగినప్పటి ఆశ. దాన్ని చూస్తే వెండల్‌కు కోపం రాలేదు. పాచిపట్టిన మెట్టు మీద చెయ్యి వేసినట్టు అనిపించింది.

"లే" అన్నాడు.

"ఏంటి?"

"లేచి బయటికి నడువు."

డెల్మర్ అక్క వైపు చూశాడు. ఆవిడ లోపలికి తిరిగి కుళాయి విప్పింది. గుమ్మం దాటాక అతను వెనక్కి తిరిగి, "అసలు నువ్వు ఎవరి మనిషివి బావా?" అని అరిచాడు. వెండల్ తలుపు మూశాడు. కిటికీలోంచి చూస్తే, డెల్మర్ వీధి దాటి, ఎదురింటి మెట్లెక్కి తలుపు తడుతున్నాడు. ఎదురింటాయన బయటికొచ్చాడు. కాసేపు తల గోక్కున్నాడు. తరవాత తల ఊపాడు.

మంగళవారం పత్రికలో, కంచె పక్కనుంచి కళ్ళారా చూసిన సాక్షి అని ఎదురింటాయన ఫోటో వేశారు. ఆట జరిగిన ఆ శనివారం మధ్యాహ్నమంతా ఆయన తన పెరట్లో రాలిన ఆకులు ఊడ్చి సంచుల్లోకి ఎత్తాడు. ఒక సంచి నోరు పట్టుకున్నది వెండలే.