వెనక వరస నుంచి

విమానం ఎక్కినవాళ్ళు తమ సీటు కనబడగానే కూర్చుంటారు. మన సీట్ల మేస్త్రి మాత్రం ముందు బొటనవేలితో సీటు నొక్కి చూశాడు. తరవాత వంగి, దాని కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. అంతటితో ఆగక, ముందు సీటు వీపుకీ తన సీటు అంచుకీ మధ్య జాన పరిచి కొలిచాడు. ఆయన వెనక దారిలో సామాన్లతో నిలబడ్డవాళ్ళు ఊపిరి బిగబట్టి ఓపిక పట్టారు.

"కొనడానికొచ్చామా, కూర్చోడానికొచ్చామా?" అంది భార్య.

"జానెడుకి నాలుగు వేళ్ళు కూడా ఎక్కువ లేదే. మా రోజుల్లో ఇంత ఇరుగ్గా బిగిస్తే పెద్దమేస్త్రి నా వీపు చీరేసేవాడు" అన్నాడాయన, కిటికీ పక్కన ఆవిడని జాగ్రత్తగా కూర్చోబెడుతూ.

జాగ్రత్తకి కారణం ఉంది. ఆవిడ నల్ల కళ్ళద్దాల వెనక ఎడమ కంటికి పన్నెండు రోజుల కిందటే ఆపరేషన్ అయింది. కుడి కన్ను చిన్నతనంలోనే పోయింది కాబట్టి ఆవిడకి ఉన్నదల్లా ఆ ఒక్క కన్నే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కాగితం నిండా జాగ్రత్తలు రాసిచ్చాడు కానీ, నోటితో చెప్పింది ఒకటే. నెల్లాళ్ళ దాకా ఆ కంటికి దెబ్బన్నది తగలకూడదు, తగిలితే ఇక నా చేతిలో ఏమీ ఉండదు అన్నాడు. బస్సు కుదుపులు వద్దు, విమానంలో వెళ్ళమన్నదీ ఆయనే. అలా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ఇద్దరూ విమానం ఎక్కారు.

మధ్యాహ్నపు ఎండలో విమానం లేచి, మబ్బుల మీద నిలకడగా సాగింది. "అబ్బా, నడుం పట్టేసిందే" అంటూ మేస్త్రి చేతి పక్కనున్న గుండీ నొక్కి వెనక్కి వాలాడు. సీటు చటుక్కున దిగింది. కళ్ళు మూసుకునేసరికి నడుం నొప్పి కాస్త నెమ్మదించింది, మనసు పాత షెడ్డుకి వెళ్ళిపోయింది.

ఆ షెడ్డు గురించి చదువరులకి చెప్పాలి. దూరప్రయాణపు బస్సులకి అక్కడ ఒళ్ళు కట్టేవారు. ఇంజనూ చక్రాలూ స్టీరింగూ మాత్రమే ఉన్న బోడి బండి ఒకటి వచ్చేది. డ్రైవరు మొహానికి గుడ్డ కట్టుకుని, ఓ చెక్కపెట్టె మీద కూర్చుని నడుపుకొచ్చేవాడు. నెలన్నరకి అదే బండి కిటికీలకి తెరలతో, మెత్తటి సీట్లతో పెళ్ళికూతురిలా బయటికి వెళ్ళేది. రెక్సిన్ వాసన, జిగురు వాసన, కొబ్బరిపీచు దుమ్ము, రేకుల మీద సుత్తి చప్పుడు. మేస్త్రి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ చప్పుడులోనే బతికాడు. ఇప్పటికీ ఇంట్లో మరీ నిశ్శబ్దంగా ఉంటే ఆయనకి తోచదు.

అక్కడ వాలే సీట్ల పనికి గురువు పెద్దమేస్త్రి. చెవి మీద పెన్సిలు, నోట్లో రెండు మేకులు. మేకులు నోట్లో ఉన్నంతసేపూ మంచివాడే. తీసి చేతిలో పెట్టుకున్నాడంటే ఎవరికో మూడిందని లెక్క. సీటు తయారయ్యాక ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. బిగించినవాడు ఆ సీట్లో కూర్చోవాలి. పెద్దమేస్త్రి వెనక సీట్లో కూర్చుని, ఒళ్ళో పలక పెట్టుకుని, దాని మీద స్టీలు గ్లాసుతో అంచు దాకా నీళ్ళు పెట్టుకునేవాడు. ముందువాడు సీటు చెయ్యి మీద వేలి కణుపులతో టక్ టక్ మని రెండుసార్లు కొట్టి, "వాలుతున్నానండీ" అని, వెనకనుంచి "వాలు" అన్న మాట వచ్చాక వాలాలి. ఒక్క బొట్టు ఒలికిందా, సీటు విప్పి మళ్ళీ బిగించాల్సిందే.

"సీటు బాగానే ఉంది గురువుగారూ, నేనే గబుక్కున వాలాను" అని ఒకసారి మన మేస్త్రి అప్పటి పడుచుదనం కొద్దీ వాదించాడు.

పెద్దమేస్త్రి నోట్లోంచి మేకులు తీశాడు. "సీటు కిందున్న ఇనప పళ్ళు దాన్ని ఆపుతాయిరా. మనిషిని ఆపేది మనిషిలోనే ఉండాలి. ముందు నిన్ను విప్పి బిగించుకో" అన్నాడు.

ఆ మాట తలుచుకుని మేస్త్రి మూసిన కళ్ళతోనే నవ్వుకున్నాడు. ఎంత గొప్పవాడు. ఇప్పుడలాంటివాళ్ళు ఎక్కడున్నారు, ఇప్పటి జనానికి ఈ మర్యాదలు ఎవరు చెబుతారు అనుకున్నాడు.

ఇంతలో టీ బండి తోసుకొస్తున్న అమ్మాయి ఆయన సీటు వెనక ఆగింది. "మేడమ్, కాలు కొంచెం లోపలికి" అంది. ఎవరో కాలు లాక్కున్న చప్పుడైంది. పావుగంటకి బండి తిరిగొచ్చినప్పుడూ అదే మాట. ఈసారి బండి చక్రం తగిలినట్టుంది, "ఇస్" అన్న శబ్దం కూడా వినబడింది.

"చూశావా, దారి వాళ్ళ తాత జాగీరైనట్టు కాళ్ళు చాపుకుంటారు" అన్నాడు మేస్త్రి భార్యతో, వినబడేలాగే.

"మీకెందుకండీ. చుక్కల మందు వేళైంది, చూడండి" అందావిడ. నల్ల కళ్ళద్దాలు సర్దుకుని, ముందున్న బల్ల దించి, కాళ్ళ దగ్గరి సంచీలో సీసా కోసం తనే వంగింది. తల ముందు సీటుకి దగ్గరగా వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ ముందు సీటు ధడాలున వెనక్కి పడింది.

బల్ల అంచు ఆవిడ వేళ్ళకి కొట్టుకుంది. సీటు వీపు నల్ల కళ్ళద్దాలకి తగిలి వాటిని ఎగరగొట్టింది. ఆవిడ రెండు చేతులతో కన్ను కప్పుకుని, వంగినదల్లా అలాగే ఉండిపోయింది. మేస్త్రి ఆవిడ మీదికి వంగాడు.

"తగిలిందా? కంటికి తగిలిందా?"

ఆవిడ నెమ్మదిగా లేచి కూర్చుని, చేతులు తీసి, కన్ను తెరిచింది. మేస్త్రి ఆవిడ మొహం ముందు వేళ్ళు పెట్టాడు.

"ఎన్ని?"

"మూడు" అందావిడ కాసేపటికి. "మీ చెయ్యి వణుకుతోంది, కాస్త నిలకడగా పట్టుకోండి."

కళ్ళద్దాల దాకా వచ్చిన దెబ్బ అక్కడితో ఆగింది. అంతసేపూ మేస్త్రి గుండెల్లో ఉన్న భయం ఒక్క క్షణంలో కోపంగా మారింది. లేచి నిలబడి ముందు సీటులోని కుర్రాడి భుజం తట్టాడు. ఆ కుర్రాడు ఏదో కంపెనీలో పనిచేసేవాడు, మెడలో ఇంకా ఆఫీసు కార్డు వేలాడుతోంది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి అయోమయంగా చూశాడు.

"వెనక ఒక మనిషి ఉంటుందని తెలీదా బాబూ? ఆవిడకి ఉన్నది ఒక్క కన్ను. దానికి ఆపరేషన్ అయింది. ఇంకో రెండు వేళ్ళు ముందుకు వంగుంటే ఆ కన్నూ పోయేది. వాలే ముందు ఒక్క మాట అడగాలని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

కుర్రాడు సీటు వెంటనే పైకి లేపేశాడు. మొహం పాలిపోయింది. అయినా అంతమందిలో మాటపడ్డ వయసు ఊరుకోనివ్వలేదు. "సారీ అంకుల్, నాకు తెలీదు. కానీ వాలే సీటిచ్చారు, వాలాను. మీ సీటూ వాలే ఉందిగా. మీ వెనకవాళ్ళని అడిగే వాలారా?"

"అడక్కుండా..." అని మొదలుపెట్టిన మేస్త్రి మెల్లిగా వెనక్కి తిరిగి చూశాడు.

వెనక సీట్లో బాగా పొడుగాటి మనిషి ఒకావిడ కూర్చుని ఉంది. బళ్ళో ఆటలు నేర్పే టీచరని తరవాత తెలిసింది. ఎడమ మోకాలికి లావుపాటి పట్టీ ఉంది. మేస్త్రి సీటు వాలడంతో ఆ మోకాలికి చోటు లేక, ఆవిడ నడుం మెలితిప్పుకుని, కాలు దారిలోకి పెట్టుకుని ఉంది. చీలమండ దగ్గర బండి చక్రం గీరిన ఎర్రటి గీత కనిపిస్తోంది.

తాత జాగీరు అన్న మాట మేస్త్రి చెవుల్లో మళ్ళీ వినబడింది. అది తన గొంతే. తల కొట్టేసినట్టయింది ఆయనకి.

"ఒక్క మాట చెప్పకపోయారా అమ్మా" అన్నాడు.

"నడుం పట్టేసిందని మీరనడం విన్నానండీ. పెద్దవారు, పోనీలే, రెండు గంటలేగా అనుకున్నాను" అంది టీచరు.

ఆవిడ తిట్టినా మేస్త్రికి ఇంత బాధ ఉండేది కాదు. గబగబా సీటు నిటారుగా లేపేసి కూర్చున్నాడు. భార్య ఒక్క కంటితోనే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. టక్ టక్ ఏమైందండీ? పెళ్ళైనప్పట్నుంచీ ఆ కథ చెప్పి నా చెవులు చిల్లులు పొడిచారు కదా" అంది.

మేస్త్రికి అంచు దాకా నీళ్ళున్న ఆ గ్లాసు కళ్ళముందు కనిపిస్తోంది. పెద్దమేస్త్రి ఉంటే ఈపాటికి నోట్లో మేకులు తీసుండేవాడు. నలభై ఏళ్ళు ఆ కథ ఇతరులకి చెప్పడంలో పడి, తనకి చెప్పుకోవడం మరిచిపోయానని ఆయనకి అప్పుడు తెలిసింది. 

కుర్రాడు సీట్ల సందులోంచి తొంగిచూశాడు. "అంకుల్, ఆంటీకి ఏం కాలేదుగా? నేను అలా అనకుండా ఉండాల్సింది. ఇంతకీ ఆ టక్ టక్ ఏంటి?"

"నువ్వు అన్నది సరైన మాటే బాబూ, అనాల్సిందే" అని మేస్త్రి నీళ్ళ గ్లాసు పరీక్ష సంగతి చెప్పాడు. టీచరు కూడా ముందుకు వంగి వింది.

"కొత్త బస్సు తయారైతే మొదటి ప్రయాణంలో షెడ్డు పనివాళ్ళందర్నీ ఎక్కించేవారు. కాస్త దూరం పోయాక పెద్దమేస్త్రి లేచి నిలబడి, వెనక వరస కానివ్వండి అనేవాడు. చివరివాళ్ళు ముందు వాలాలి. వాళ్ళు సర్దుకున్నాక వాళ్ళ ముందువాళ్ళు. డ్రైవరు వెనక కూర్చున్నవాడిది అందరికన్నా ఆఖరు వంతు. వెనకవాడు వాలాక ముందువాడు వాలితే ఎవరి మొహం మీదా ఎవరూ పడరు. షెడ్డు యజమాని కూడా తన వంతు వచ్చేదాకా నిటారుగా కూర్చునేవాడు. బస్సు వెనకనుంచి టక్ టక్, టక్ టక్ అని వరసగా వస్తుంటే..." అంటూ మేస్త్రి ఆగాడు. ఆ బస్సుల్లో ఒక్కటి కూడా ఇప్పుడు రోడ్ల మీద లేదు. తనతో కూర్చున్నవాళ్ళలోనూ చాలామంది లేరు.

"అయితే ఇప్పుడు మన విమానానికి పెద్దమేస్త్రి మీరే. కానివ్వండి" అంది టీచరు. జవాబు కోసం ఆగకుండా తన సీటు చెయ్యి మీద టక్ టక్ మని కొట్టి వెనక్కి తిరిగింది. వెనకది ఆఖరి వరస. అక్కడి సీట్లు వాలవు. అందులో ఒక తాతగారు పత్రిక చదువుకుంటున్నారు.

"వాలొచ్చాండీ?"

"అడిగినవాళ్ళని కాదంటానా తల్లీ. ఉండు, టీ కప్పు తీసేస్తాను. కొంచెం వాలు, నాకూ మోకాళ్ళున్నాయి" అన్నారాయన.

టీచరు కొంచెమే వాలి, కాలు లోపలికి తీసుకుని, పక్కకి సర్దుకుంది. "ఇప్పుడు మీరు" అంది.

మేస్త్రి ముడుచుకున్న వేలి కణుపులతో సీటు చెయ్యి మీద రెండుసార్లు కొట్టాడు. "వాలుతున్నానమ్మా."

"వాలండి. ఇంకొంచెం. చాలు, అక్కడ ఆపండి."

ఇందాక వాలినంత వాలలేదు. అయినా నడుముకి అంతకన్నా ఎక్కువ సుఖంగా అనిపించింది. భార్య కూడా టక్ టక్ మని కొట్టి, వెనక కిటికీ పక్కన కూర్చున్నావిడ సరేనన్నాకే వాలింది. కంట్లో చుక్కలు వేయించుకుని, తల వెనక్కి ఆనించి కూర్చుంది. మేస్త్రి ఆవిడ బల్ల మీద టీ బండి అమ్మాయి ఇచ్చిన గ్లాసు పెట్టి, మంచినీళ్ళ సీసా వంచి అంచు దాకా నింపాడు.

"ఇక నీ వంతు బాబూ" అన్నాడు ముందుకి.

కుర్రాడు ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకున్నాడు. కొంచెం సిగ్గుపడుతూ టక్ టక్ మని కొట్టాడు. "ఆంటీ, వాలుతున్నానండీ."

"వాలు నాయనా. మెల్లిగా."

సీటు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగి వచ్చింది. నలుగురూ గ్లాసు వంకే చూశారు. నీళ్ళు అంచు దగ్గర కాస్త వణికి ఆగాయి. ఒక్క బొట్టు ఒలకలేదు.

"ప్యాసయ్యాడు" అంది భార్య. మేస్త్రి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

కుర్రాడు సందులోంచి మళ్ళీ అడిగాడు. "అంకుల్, ఊరికే చెప్తే సరిపోతుంది కదా. మీ గురువుగారు ఆ కొట్టడం ఎందుకు పెట్టారు?"

"నేనూ అడిగాను బాబూ, నీ వయసులో" అన్నాడు మేస్త్రి. "ఆయన ఏమన్నాడంటే, సీటు నీదేరా, కానీ అది వాలే చోటు వెనకవాడిది. ఇంకొకడి ఇంట్లోకి వెళ్ళేటప్పుడు తలుపు తట్టి, రమ్మంటేనే వెళ్ళాలి."