రెండు చూపుల మధ్య

జ్ఞానదాసు స్క్రూడ్రైవర్ మొనను మోటారు బేరింగు మీద ఆనించి, లోపలి అదురు తెలుసుకోడానికి పిడిని దవడ ఎముకకు నొక్కిపట్టాడు. ఒకప్పుడు పిడిని చెవికి పెట్టుకునేవాడు. ఇనుపఖనిజం మోసే బెల్టుల మోత ఆ చెవులను తినేసింది. ఆ సంగతి భార్య కృపావతికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కంపెనీ డాక్టరు ఇంటికి పంపేస్తాడు.

కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. రేవు పక్కనున్న ఈ కంపెనీకి కొత్తగా డిజిటల్ పెట్టె వచ్చింది. యంత్రం మోతను అంకెలుగా మార్చి తెరమీద గీత గీస్తుంది. వినక్కర్లేదు, చూస్తే చాలు. తోటివాళ్లు ముఖం ముడుచుకున్నా, జ్ఞానదాసు మాత్రం ప్రాణం పెట్టి నేర్చుకుంటున్నాడు. పెట్టె పాఠాలకు ముందు బల్ల మీద కూర్చుని ఇంజనీరు భీమశంకరరావు పెదాలనే చూసేవాడు. ఆయన బోర్డు వైపు తిరిగితే సగం పాఠం గాలికి పోయేది. పాపం, మళ్లీ చెప్పమని అడగలేడు.

ఇప్పుడు దవడకు గరగర తగిలింది. పెట్టె తీగ తగిలించి చూస్తే తెరమీద అల నిదానంగా, హాయిగా ఊగుతోంది. తన దవడదే తప్పనుకున్నాడు.

"బేరింగు బాగానే ఉందండి" అన్నాడు.

భీమశంకరరావు పెట్టె చూసే వేగం పెంచుతూ మీట తిప్పాడు. అల కాస్తా ముళ్లకంపలా లేచింది. "అదరడమేమో గబగబా అదురుతోంది. పెట్టె అప్పుడోసారి, ఇప్పుడోసారి చూస్తే మధ్యలో జరిగింది దానికెలా తెలుస్తుంది? లేని నిదానం చూపిస్తుంది. ఒక్కో ఊపుకి రెండుసార్లకు మించి చూడాలి దాసుగారూ."

"ఓలమ్మ! మజ్జిలోది తప్పించుకుపోతందన్నమాట!"

పక్క బేరింగుకు తనే మీట సరిచేశాడు. సరిగ్గా వచ్చింది. ఇంక పాఠాల చివర పెట్టే పరీక్షకు భయం లేదన్న మాట ఆయన పెదాల మీద చదువుకుని, చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

సాయంత్రం వంతెన ఎక్కకుండా, అందరిలాగే వ్యాగన్ల పట్టాలు దాటి వన్ టౌన్‌లోని ఇంటికి బయల్దేరాడు. అటు చూశాడు, ఖాళీ. ఆలోచనంతా ఆ అల మీదే ఉంది. మళ్లీ అటు చూసేలోగా, ఇంజను వెనక్కి నెడుతున్న వ్యాగన్లు వచ్చేశాయి.

ఆ ఇంజను నడిపిన సూరన్న సమాధుల తోట గేటు దగ్గర కృపావతి కాళ్ల మీద పడ్డాడు. "ఈల ఏసినానమ్మా. సెయ్యి తియ్యకుండా ఏసినాను. ఎవులూ నమ్మట్లేదు."

ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాటను ఆమె అందరి ముందూ అంది. "ఏసే ఉంటావు బాబూ. మా ఆయనకి ఇనబడదు."

మర్నాడు పొద్దున్న ఆడపడుచు వార్తల కోసం రేడియో పెట్టింది. ఇల్లు దద్దరిల్లింది. గొంతు తగ్గించబోతే కృపావతి ఆమె చెయ్యి పట్టుకుంది. మీట అతను తిప్పి వదిలిన చోటే ఉండిపోయింది.