పన్నెండు గంటల సున్నా

నాలుగేళ్లుగా వాసుదేవ్‌ను ఒక అనుమానం వదల్లేదు. రాయచోటి కృష్ణవేణమ్మ చేసిన ఫోను కువైట్‌లో ఉన్న ఆమె తమ్ముడిదాకా పోయిందా, లేక కర్నూలులో తన కళ్ళముందే రాలిపోయిందా?

చూస్తూ కూర్చోవడమే అతని ఉద్యోగం. నెట్ ఫోను కంపెనీ సర్వర్ ఒక మేడమీది గదిలో ఉండేది. కర్నూలు, కడప టెలిఫోను బూతుల నుంచి గల్ఫ్‌కు చేసే ఫోన్లన్నీ దాని గుండానే పోవాలి. మాట కలవడానికి ముందు 'ఫోను వచ్చింది', 'మోగుతోంది', 'ఎత్తారు' అని చిన్న చిన్న సందేశాలు నడుస్తాయి. ఒక్కసారిగా వచ్చి పడితే వరుస నిండి, వెనక వచ్చినవి చప్పుడు లేకుండా పోతాయి, వాటితో ఆ ఫోనూ పోతుంది. అలా ఎన్ని పోయాయో తెర మూలన ఒక అంకె చెబుతుంది. ఎవరివో చెప్పదు. వేలమంది మాటలు సాగే ఆ గదిలో అతనికి ఒక్క గొంతూ వినపడేది కాదు. భార్యాపిల్లలు నందికొట్కూరులో. ఇక్కడ ఏసీ హోరు, గోడమీద లక్ష్మీదేవి పటం.

రెండువేల అయిదులో ఒక శుక్రవారం, పన్నెండుంపావుకు, కృష్ణవేణమ్మ కంపెనీ నంబరుకు, ఆ గదికే ఫోను చేసింది.

"పొలం పంపకంలో మాటామాటా పెరిగి మా తమ్ముడూ నేనూ మాట్లాడుకోక రెండేండ్లాయ. నేనే తగ్గి, పొద్దున్నించి నాలుగుసార్లు చేసినా. వాడు ఎత్తలేదా, మీ మిషన్‌లోనే యాడన్నా పోయిందా? నిజం చెప్పప్పా."

అంకె సున్నా చూపిస్తోంది. "మా దగ్గర ఏమీ పోలేదమ్మా. ఆయనే ఎత్తలేదు."

"అట్లనా. సరేలే. ఇంగ చెయ్యను."

ఆమె నంబరు రాసి పెట్టుకున్నాడు. ఎందుకో ఆ సున్నాను నమ్మబుద్ధి కాలేదు. దండం పెట్టుకునేటప్పుడు కూడా ఒక ప్రశ్న వచ్చేది: జవాబు రాని మొర అందనట్టా, అందినా పలకనట్టా? అడగడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

రెండువేల తొమ్మిదిలో హరిత అనే ఇంజనీరమ్మాయి పనిలో చేరింది. మొదటి శుక్రవారమే అతన్ని పట్టుకుంది.

"ఏందన్నా, హారతిచ్చి ఆ అంకెను సున్నా చేస్తాండావు?"

"దినం శుభ్రంగా మొదలుపెట్టాల గదమ్మా. మా నాయన దుకాణంలో దీపం పెట్టినాకే లెక్కల పలక తుడిచేటోడు."

"నువ్వు పదిన్నరకే వస్తివి గదా?"

"శుక్రవారం పన్నెండుదాకా రాహుకాలం. అది పోయినాకే హారతి."

"కువైట్ వాళ్ళకు సెలవు. ఫోన్లు మీద పడేది ఆ గంటన్నరలోనే! రాహువు మింగినాడో లేదో గానీ, నువ్వయితే ఆనవాలు లేకుండా తుడిచిపెడ్తాండావు పో."

నవ్వుతూనే అంది. నిమిషం నిమిషం అంకెను రాసిపెట్టేలా తను చేసిన ప్రోగ్రాం తెరిచి చూపించింది. పన్నెండు గంటలకు ముందు పోయినవి ఆరువందల పన్నెండు. తర్వాత సున్నా.

వాసుదేవ్ పటం వైపు చూడలేకపోయాడు. నాలుగేళ్లనాడు కృష్ణవేణమ్మకు తను చూసి చెప్పింది, తను తుడిచిన పలకను.

మర్నాడు ఉదయం రాయచోటికి ఫోను చేశాడు. తనెవరో గుర్తుచేసి చెప్పాడు: "ఆ రోజు మీ తమ్ముడే ఎత్తలేదన్నాను. అది నాకు తెలీదమ్మా. ఫోను మా దగ్గరే పోయి ఉండొచ్చు. లెక్క నేనే చెరిపేసి, తెలిసినట్టు చెప్పాను."

"అంటే వానికి మోగనే లేదేమో అంటావా?"

"అదీ తెలీదమ్మా."

"నాలుగేండ్లప్పా! ఆ 'తెలీదు' అనే మాట ఆ పొద్దే అనింటే, మర్నాడు మళ్ళా చేసుందును గదా."

తిడుతుందనుకున్నాడు.

"సరే, చెప్తివి గదా. ఇంగ పెట్టు నాయనా," అందామె. "వానికి చెయ్యాల."