ఎఫ్ తరవాతి అక్షరం

టోలెడోలో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ ఉంది. అక్కడ డెనెట్టా ప్రూయిట్‌ది మధ్యాహ్నం ఒంటిగంట షిఫ్టు. రెండేళ్ల కాలేజీ చదువును ఏడేళ్లుగా లాక్కొస్తోంది. ఇక మిగిలింది శరీర నిర్మాణ శాస్త్రం ఒక్కటే. మార్చిలో తల్లి తుంటి విరగడంతో మూడు ల్యాబులు పోయాయి. మేలో వచ్చిన ఫలితాల్లో ఆ సబ్జెక్టు ఎదురుగా ఒక నిలువు గీత కనిపించింది. ఐ అనే అక్షరం. ఎఫ్ అంటే తప్పినట్టని ఆమెకు తెలుసు. ఐ ఎఫ్ తరవాత వస్తుంది కాబట్టి ఇంకా ఘోరమనుకుంది. అడిగి తెలుసుకుందామంటే ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. పుస్తకాలు అట్టపెట్టెలో సర్దేసింది.

లాండ్రీ మేనేజరు గార్లండ్ ఆ వేసవిలో ఒక స్వచ్ఛంద సంస్థను పిలిచాడు. చదువు మధ్యలో ఆగినవాళ్లకు సాయపడే సంస్థ అది. మంగళవారాలు భోజనాల గదిలో వాళ్లకో బల్ల వేయించాడు. అక్కడ కూర్చున్నంతసేపూ జీతం కోయనన్నాడు. సంస్థ తరఫున టీగ్ అనే ఆయన వచ్చేవాడు. డెనెట్టా రెండు మంగళవారాలు ఆ బల్ల పక్కనుంచే వెళ్లిపోయింది. మూడోసారి ఫలితాల కాగితం ఆయన ముందు పెట్టింది.

టీగ్ నవ్వలేదు. "తప్పావని కాదమ్మా. ఐ అంటే ఇన్‌కంప్లీట్, ఇంకా పూర్తికాలేదని," అన్నాడు. అక్కడినుంచే కాలేజీకి ఫోన్ చేశాడు. ఆ మూడు ల్యాబులూ వేసవి తరగతితో కలిసి చేయొచ్చన్నారు. గురువారాలు, రెండు గంటలకు. జూలై దాటితే మాత్రం ఐ దానంతటదే ఎఫ్ అయిపోతుంది.

ఆ వేళకు ఆమె ఇస్త్రీ యంత్రం దగ్గర ఉండాలి. పొద్దుటి షిఫ్టువాళ్లెవరైనా ఆ గురువారాలు ఆమెతో చోటు మార్చుకున్నా, మధ్యాహ్నం షిఫ్టులో ఆమెకన్నా పాతవాళ్లు పదకొండు మందికి ఆ పొద్దుటి చోటుమీద ముందు హక్కు ఉంది. సర్వీసు జాబితా దాటలేననీ, వాళ్లంతా ఆ చోటు తమకొద్దని సంతకం పెడితే తనకు అభ్యంతరం లేదనీ చెప్పి గార్లండ్ ఒక కాగితం ఇచ్చాడు.

జాబితాలో మొదటి పేరు వెర్లీన్. ఇరవయ్యారేళ్లుగా పొద్దుటి షిఫ్టే. ఒంటిగంటకు దుప్పట్ల బండి అప్పజెబుతూ డెనెట్టాను పలకరించింది.

"ఏం ప్రొఫెసరమ్మా, బల్ల దగ్గర ఏడ్చావట?"

"ఏడవలేదు మిస్ వెర్లీన్. దుప్పటి దుమ్ము పడింది."

"ఉతికిన దుప్పటికి దుమ్మేమిటే?"

డెనెట్టా అంతా చెప్పింది. చోటు మాత్రం అడగలేదు. గురువారం సాయంత్రాలు చర్చిలో పాటల సాధన. వెర్లీన్ తొమ్మిదేళ్లుగా ఒక్కటీ మానలేదు. ఆ సంగతి లాండ్రీ అంతటికీ తెలుసు.

వెర్లీన్ ఆ సంతకాల కాగితం లాక్కుని పైన తన పేరు రాసింది. "మూడు వారాలకే దేవుడు నా గొంతు మరిచిపోడులే. ఆ పదకొండుమందినీ నాకొదిలెయ్. నువ్వడిగితే ఆలోచిస్తారు. నేనడిగితే పెన్ను వెతుక్కుంటారు."

శుక్రవారానికి పన్నెండు సంతకాలూ పడ్డాయి. పదమూడోది గార్లండ్ పెట్టాడు.

లాండ్రీ నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. మొదటి గురువారం రెండో బస్సు తప్పిపోతే టీగ్ తన కారులో దింపాడు. మూడో గురువారం డెనెట్టా గొర్రె గుండెను కోసి, నాలుగు గదులూ విడదీసి చూపించింది. ఆ మూడు సాయంత్రాలూ ఆమె యంత్రం దగ్గర వెర్లీన్ నిలబడింది.

ఆగస్టు మొదటి వారంలో, షిఫ్టు మారే వేళ, డెనెట్టా ఫోన్ తెచ్చి చూపించింది. ఐ ఉన్నచోట బి ఉంది. వెర్లీన్ కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది.

"ఆ గీతకి రెండు పొట్టలొచ్చాయే," అంది. ఫోన్ తిరిగి ఇచ్చేసి బండి ఆమె వైపు తోసింది. "ఇక పని చూడు. రేపు గురువారం, నేను పాడాలి."