తమ్ముడి గొంతు

సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో కూర్చునే ఆవిడను అందరూ అక్క అనే పిలుస్తారు. వయసులో ఆవిడకంటే బాగా పెద్దవాడైన లైన్ మేస్త్రిదీ అదే పిలుపు. మేస్త్రి దగ్గర పనిచేసే చిన్నోడు ఆవిడకు సొంత తమ్ముడు. వాడు పొద్దస్తమానం ఫోన్లో అక్కా అక్కా అని అరుస్తుంటే మిగతావాళ్ల నోళ్లకూ అదే అలవాటైపోయింది.

యుద్ధం మొదలైన కొత్తలో భయానికి ఒక వేళాపాళా ఉండేది. సైరన్ మోగేది, విమానాలు వచ్చేవి, బాంబులు వేసి వెళ్లిపోయేవి. బతికినవాళ్లు బయటికొచ్చి దుమ్ము దులుపుకునేవారు. ఇప్పుడలా కాదు. ఒక డ్రోన్ వచ్చి కరెంటు వైరు తెంపుతుంది. ఆ వెనకే ఇంకొకటి వచ్చి ఏ మిద్దె మీదో చప్పుడు చేయకుండా కూర్చుంటుంది, బాగుచేయడానికి ఎవరొస్తారా అని. నిచ్చెన కట్టిన బండి కనబడితే చాలు, లేస్తుంది.

అది చాలదన్నట్టు పక్క ఊరి సబ్‌స్టేషన్‌లో ఇంకో ఘోరం జరిగింది. పనైపోయింది, కరెంటు వదలండి అని లైన్‌మన్ గొంతుతో ఫోన్ వచ్చింది. ఆపరేటరు వదిలాడు. తీరా చూస్తే ఫోన్ చేసింది లైన్‌మన్ కాదు, శత్రువులు. ఎప్పుడో దొంగచాటుగా విన్న మాటల్లోంచి కంప్యూటరు తయారుచేసిన గొంతు అది. అసలు మనుషులు అప్పటికింకా స్తంభం మీదే ఉన్నారు. ఆ రోజు నుంచి, బండి బయల్దేరే ముందు ఒక గుర్తుమాట అనుకోవాలని నియమం పెట్టారు. ఆ మాట చెబితేనే ఫోన్‌ని నమ్మాలి. లేదంటే మనిషొచ్చి ఎదురుగా నిలబడి చెప్పాలి.

ఆ పొద్దున ఆసుపత్రికి వెళ్లే లైను తెగింది. మేస్త్రీ చిన్నోడూ బండెక్కుతుంటే అక్క గేటు దాకా వెళ్లింది.

"ఇవాళ్టి మాట ఏంట్రా?"

"గుమ్మడికాయ."

"నీ మొహంలానే ఉంది."

"అందుకేగా పెట్టింది, మర్చిపోకుండా."

నవ్వాడు గానీ వాడి ప్రాణమంతా ఆసుపత్రిలోనే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన వాడి కూతురు అక్కడ గాజుపెట్టెలో ఉంది. ఆ పిల్లకు వెచ్చదనమైనా ఊపిరైనా కరెంటుతో నడిచే మిషన్లు ఇవ్వాల్సిందే.

మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. "వదినా, జనరేటరులో డీజిల్ అయిపోయిందట. నర్సులు పిల్లలకు చేత్తో గాలి కొడుతున్నారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. ఆయన పని ఎంతవరకు వచ్చింది?"

"అయిపోవచ్చిందమ్మా. నువ్వు కంగారు పడకు," అంది అక్క. అయిపోవచ్చిందో లేదో ఆవిడకేం తెలుసు? మేస్త్రి ఫోన్ పలకడం మానేసి చాలాసేపైంది.

ఫోన్ పెట్టిందో లేదో మళ్లీ మోగింది. ఈసారి తమ్ముడి నంబరు.

"అక్కా! పనైపోయింది. దిగేశాను. లైను మీద ఎవరూ లేరు. కరెంటు వదిలెయ్."

"మాట చెప్పరా."

"పనైపోయిందక్కా. దిగేశాను. వదిలెయ్."

"ఒరేయ్, పొద్దున అనుకున్న మాట! ముందది చెప్పు. మేస్త్రి ఏడీ?"

"లైను మీద ఎవరూ లేరక్కా. నా పాప... వదిలెయ్ అక్కా."

ఫోన్ తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు.

గొంతు వాడిదే. అక్కా అన్నప్పుడు చివర్లో సాగదీయడమూ వాడిదే. కానీ అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. మనిషైతే అడిగినదానికి జవాబు చెప్పడా?

పక్కనే నిలబడి అంతా విన్న ఇంజినీరు చెమట తుడుచుకున్నాడు. "ఏం చేద్దామక్కా?"

"వాడింకా పైనే ఉంటే, సార్?"

"నిజంగా వాడే చేసుంటే?"

ఇద్దరూ ఆసుపత్రి లైను స్విచ్ హ్యాండిల్ వంక చూశారు. చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నేను వెళ్లి చూసొస్తాను," అంది అక్క. "స్విచ్‌కి తాళం వేసి మీ దగ్గరే ఉంచుకోండి. నేను తిరిగొచ్చి చెప్పేదాకా దేవుడే ఫోన్ చేసినా వదలొద్దు."

వాచ్‌మన్ సైకిలు తీసుకుని లైను వెంబడే బయల్దేరింది. రోడ్డు మీద పురుగు లేదు. సగం దూరం వెళ్లేసరికి తల మీద కందిరీగ తిరిగినట్టు చప్పుడు. సైకిలు పడేసి కల్వర్టు కింద దూరింది. అది పోదు. పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. అక్కడ నర్సుల చేతులు ఎంతసేపు ఆడతాయి? మోకాళ్ల మధ్య తల దాచుకుని ఆవిడ ఎవరిని తిడుతోందో తెలియకుండా తిట్టింది. ఎంతసేపటికో చప్పుడు దూరమైంది. మళ్లీ సైకిలెక్కింది.

మలుపు తిరగగానే బండి కనబడింది, ఇంకా పొగలు కక్కుతూ. మేస్త్రి అందులోనే ఉన్నాడు. అటు చూడలేక ముఖం తిప్పుకుంది. స్తంభానికి ఆనుకుని చిన్నోడు కూర్చున్నాడు. తొడకు చొక్కా బిగించి కట్టుకున్నాడు. చెవుల్లోంచి కారిన రక్తం మెడ మీద గడ్డకట్టింది. పైన వైరు అతికి ఉంది. లైను మీద ఎవరూ లేరు.

"ఒరేయ్!"

వాడు ఆవిడ పెదవుల వంక చూశాడు. "వినబడట్లేదక్కా. బండి పేలినప్పుడే చెవులు పోయాయి. చివరి ముడి ఒక్కణ్నే వేశాను. ఫోన్లో నువ్వేమన్నావో ఏమో, చెప్పాల్సింది చెప్పేశాను. వదిలావుగా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాడికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. పేలుడుకి గుర్తుమాట సంగతే వాడి తలలోంచి ఎగిరిపోయిందని ఆవిడకూ అప్పుడే అర్థమైంది.

ఇంజినీరుకు ఫోన్ చేసింది. "సార్, నేనే. వాడు కిందే ఉన్నాడు. వదిలేయండి. గుమ్మడికాయ! మాట గుమ్మడికాయ!"

"అదేం మాటో నాకు తెలీదు కదక్కా. గొంతు నీదే. కానీ ఎవరు చేసినా వద్దన్నది కూడా నువ్వే. నావల్ల కాదు. నువ్వు వచ్చెయ్."

ఆవిడ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు, వదల్లేదు. తమ్ముణ్ని అక్కడే వదిలేసి వెనక్కి సైకిలు తొక్కింది. ఈసారి తల మీద చప్పుడైనా ఆగలేదు. కంట్రోల్ రూములోకి పడుతూ లేస్తూ వచ్చి, ఇంజినీరు తాళం తీయగానే హ్యాండిల్ లాగింది. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది.

ఆ సాయంత్రం అంబులెన్సువాళ్లు ప్రాణాలకు తెగించి చిన్నోణ్ని తీసుకొచ్చారు. మర్నాడు అక్క ఆసుపత్రికి వెళ్లింది. మేనకోడలు బతికింది. గాజుపెట్టెలో గుప్పెడంత పిల్ల కాళ్లు ఆడిస్తోంది. పక్క పెట్టె ఖాళీగా ఉంది. నిన్న మధ్యాహ్నం దాకా అందులో ఒక మగపిల్లాడు ఉండేవాడని మరదలు గొంతు తగ్గించి చెప్పింది.

తమ్ముడి మంచం దగ్గర కూర్చుని క్షమించమంది. వాడికి వినబడలేదు. చెవులు పనిచేయనివాడు కదా, తన గొంతు ఎంత పెద్దదో వాడికి తెలియదు. వార్డంతా అదిరేలా అడిగాడు:

"కరెంటు వదలడానికి ఎందుకక్కా అంతసేపు?"

గుమ్మం దగ్గర గోడకు చేరబడి నేల మీద కూర్చున్న ఒక బాలింత తలెత్తింది. అక్క బయటికి రాగానే చెయ్యి పట్టుకుంది.

"కరెంటు వేసేది నువ్వేనా?"

అక్కకు అబద్ధం నోట రాలేదు. ఆమె పక్కనే చతికిలబడింది. "నేనేనమ్మా. మా తమ్ముడు ఫోన్ చేశాడు. నమ్మలేదు. ఇప్పుడు మన మనుషుల గొంతుతోనే వాళ్లు మాట్లాడుతున్నారు. అచ్చం అలాగే ఉంటుంది. అందుకని..."

కొడుతుందనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ఆమె కొట్టలేదు. పట్టుకున్న చెయ్యీ వదల్లేదు. తర్వాత ఒడిలో ఉన్న ఫోన్ తీసి చూసుకుంది.

"మా ఆయన యుద్ధంలో ఉన్నాడు. మనిషిని చూసి ఏడు నెలలైంది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. బాగున్నానంటాడు, బాబెలా ఉన్నాడంటాడు," అంది. అక్క ముఖంలోకి చూసింది. "మాట్లాడేది ఆయనేనంటావా?"