కిటికీ ఉన్న మాస్కు

పిల్లలు నన్ను సైరన్ అంటారు. నా ఎదుట కాదు, వెనకాల. పదో తరగతి గదిలో నేను లెక్క మొదలుపెడితే ఆటస్థలం అవతల సైకిలు షాపు మేస్త్రీకి కూడా వినపడేది. ప్రతి లెక్క చివరా ‘వెనక బెంచీకి వినపడిందా?’ అని అడగడం నా అలవాటు. వినపడకపోవడమేమిటి, చెవులు గింగురుమనేవి. ఇరవై రెండేళ్ళు అలాగే అరిచి లెక్కలు చెప్పాను. ఆ పేరు విని కోపం నటించేవాణ్ణి గానీ, లోపల్లోపల గర్వంగానే ఉండేది.

మాస్కులొచ్చాక సైరన్ కాస్తా దోమ అయింది. మూడు పొరల గుడ్డ దాటి నా గొంతు మూడో బెంచీకి చేరేసరికే నీరసపడిపోయేది. కళ్ళద్దాలకి ఆవిరి పట్టి, బోర్డు మీద నేను వేసిన మైనస్ గుర్తు నాకే కనపడేది కాదు. ఆ మాస్కుని తిట్టుకోని రోజు లేదు. కానీ నిజం ఒప్పుకోవాలి, దానివల్ల నాకో సుఖం కూడా దొరికింది.

అదేమిటంటే, మాస్కు చాటున నా మూతి నా ఇష్టం. హెడ్మాస్టరుగారు మీటింగులో అరగంట సేపు క్రమశిక్షణ గురించి ఊదరగొడుతుంటే నేను నాలుక బయటపెట్టి కూర్చునేవాణ్ణి. ఎవడైనా తప్పు జవాబు చెప్తే మూతి మూడు వంకర్లు తిప్పేవాణ్ణి. కొన్నాళ్ళకి అది మాటల్లోకి దిగింది. శబ్దం ఉండదు, పెదవులు మాత్రం కదుపుతూ తిట్టడం. కడుపులో మంట చల్లారిపోయేది, పైకి కళ్ళు మాత్రం శాంతంగా ఉండేవి. ‘ఈమధ్య సారుకి కోపం తగ్గిందిరా’ అని పిల్లలు అనుకోవడం నా చెవిన పడింది కూడా.

ఈ సంగతి కనిపెట్టింది మా ఆవిడ ఒక్కతే. ఆస్పత్రిలో నర్సు. మాస్కు వేసుకున్న మనుషుల మనసు కళ్ళలో చూసి పట్టేస్తుంది. ఒకరోజు బస్సులో నన్ను మోచేత్తో పొడిచింది.

“ఎవర్నండీ తిట్టుకుంటున్నారు? మాస్కు ఎగురుతోంది.”

“తిట్టడమేంటి? ఆవలించాను.”

“అంత పొడుగు ఆవలింత నేనెక్కడా చూళ్ళేదు. జాగ్రత్త, అలవాటైపోతుంది” అంది.

అప్పటికే అయిపోయింది. ఆ తిట్లలో పెద్ద వాటా ఒక్క పిల్లది.

ఆ ఏడే వేరే బడి నుంచి వచ్చి చేరింది. మొదటి బెంచీలో, సరిగ్గా నా ముక్కు కింద కూర్చునేది. చెవుల మీదకి దువ్విన జుట్టు, రెండు జడలు, నీలం మాస్కు. ఒక పీరియడులో కనీసం నాలుగుసార్లు చెయ్యెత్తేది. “సార్, మళ్ళీ చెప్పండి” అనేది. చెప్తే రెండు నిమిషాలాగి మళ్ళీ అదే మాట. క్లాసంతా ఆమెకి ‘మళ్ళీ’ అని పేరు పెట్టేసింది. ‘మళ్ళీ వచ్చిందిరా’ అని ఒకడంటే, నేను బోర్డు వైపు తిరిగి నవ్వుకున్నాను. మాస్కుందిగా, ఎవరికి తెలుస్తుంది!

చెప్పింది వినదు, పక్కపిల్ల పుస్తకంలోకి తొంగి చూస్తుంది. ఒళ్ళు మండిపోయేది నాకు. ఆమె చెయ్యి లేవగానే మాస్కు వెనక నా పెదవులు రెండు మాటలు అనేవి. చెవిటి మొద్దు. ఆ తర్వాత పైకి తేనె పూసిన గొంతుతో “సరే అమ్మా, చూడు” అనేవాణ్ణి. రానురాను కోపం లేకపోయినా ఆ రెండు మాటలూ తుమ్ములా వాటంతటవే వచ్చేసేవి.

మూడు నెలల పరీక్షలో ఆమెకి సగం కూడా రాలేదు. బోర్డు మీద నేను రాసి చూపించిన లెక్కలన్నీ పొల్లుపోకుండా చేసింది. నోటితో చెప్పినవి మాత్రం తెల్లకాగితమే. ఆ తేడా కనిపెట్టే ఓపిక నాకెక్కడిది? ఎర్రసిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి తల్లిని పిలిపించాను.

తల్లి టైలరు. మెళ్ళో కొలత టేపు అలాగే వేసుకుని, చేతులకి దారం ముక్కలు అంటుకుని వచ్చింది. పక్కన పిల్ల తలొంచుకుని నిలబడింది.

“ముందే చెప్పుండాల్సింది సార్, తప్పు మాదే” అంది ఆవిడ. “చిన్నప్పుడు జ్వరమొచ్చి దీనికి వినికిడి పోయింది. ఒక చెవి పూర్తిగా, రెండోది సగం. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. పాత బళ్ళో అలాగే నెట్టుకొచ్చేసింది. ఇప్పుడందరికీ మాస్కులాయె. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. తెలిస్తే పేర్లు పెడతారని దాని భయం.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. అయినా ఆ క్షణంలో నా బుద్ధి చెప్పిన ధైర్యం ఏమిటో తెలుసా? ‘ఎవరికీ వినపడలేదుగా!’ నన్ను తలుచుకుంటే నాకే అసహ్యం వేసేది ఆ ధైర్యానికే.

తల్లి సంచిలోంచి ఒక మాస్కు తీసింది. మామూలు గుడ్డ మాస్కే, కానీ మధ్యలో అరచేతి వెడల్పున పారదర్శకమైన ప్లాస్టిక్. కొత్త చొక్కా డబ్బాలకి పైన ఉంటుందే, ఆ గట్టి ప్లాస్టిక్ కాగితం. దాని అంచుల్ని గుడ్డ మడతలో పెట్టి, ముడత పడకుండా రెండు వరసలు కుట్టింది.

“మీరేమీ అనుకోకపోతే ఇది పెట్టుకుంటారా సార్? లోపలివైపు సబ్బు రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఆవిరి పట్టదు. కొలత పిల్లే చెప్పింది. మిమ్మల్ని రోజూ చూస్తోందిగా.”

పిల్ల అప్పుడు తలెత్తింది. “లెక్కల్లో అరవై దాటితే డ్రాయింగ్ కోర్సులో సీటిస్తారు సార్. ఇళ్ళ ప్లాన్లు గీసేది. మీరిది పెట్టుకుంటే నేనింక ఎక్కువసార్లు అడగను.”

మర్నాడు పెట్టుకుని వెళ్ళాను. “సార్ నోరు టీవీలో వస్తోందిరోయ్!” అన్నాడు వెనకబెంచీ వాడొకడు. క్లాసు గొల్లుమంది. ఎందుకు పెట్టుకున్నానో చెప్పబోతుంటే ఆ పిల్లే లేచి నిలబడింది. “నాకు సరిగ్గా వినపడదు. పెదాలు చూస్తే అర్థమవుతుంది. సారు నాకోసం పెట్టుకున్నారు” అని తనే అందరికీ చెప్పేసింది. చెప్తున్నప్పుడు బెంచీ అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ రోజు నుంచి ‘మళ్ళీ’ అన్న పేరు ఎవరూ ఎత్తలేదు. పిల్లలు నాకంటే నయం.

మూడు రోజులు పాఠం పరుగెత్తింది. ఆమె నా నోటి మీంచి చూపు తిప్పేది కాదు. జవాబులు నేనడగకముందే చెప్పేది. హెడ్మాస్టరుగారు స్టాఫ్‌రూములో నా భుజం తట్టి “టీచరంటే ఇలా ఉండాలి” అన్నారు. నాకు ఛాతీ ఉబ్బింది. ఆ మాస్కు నేనే కుట్టినంత గొప్పగా ఇంట్లో చెప్పుకున్నాను.

“మరి ఆ ఆవలింతలు మానేశారా?” అంది మా ఆవిడ.

“ఎప్పుడో!” అన్నాను.

నాలుగో రోజు, ఆఖరి పీరియడు. స్పర్శరేఖల పాఠం. ఉక్కపోత, వెనక గుసగుసలు, ఎప్పుడు గంట కొడతారా అని అందరికీ తొందర. వృత్తం గీస్తూ, బోర్డు వైపు తిరిగి ఉండగానే రెండు వాక్యాలు చెప్పేశాను. వెనక్కి తిరిగేసరికి ఆమె చెయ్యి పైకి లేచి ఉంది.

“సార్, మళ్ళీ చెప్పండి.”

నా పెదవులు కదిలాయి. కోపం లేదు, చిరాకు కూడా లేదు. అలవాటు, అంతే. పొద్దున్నే నేనే సబ్బు రాసి, శ్రద్ధగా తుడిచిన ఆ కిటికీ వెనక, ఆ రెండు మాటలూ.

ఆమె చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. అంతసేపూ నా నోటి మీదున్న చూపు నా కళ్ళలోకి వచ్చింది. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పక్కపిల్ల పెన్సిలు చెక్కుకుంటూనే ఉంది. గదిలో ఇంకెవరికీ ఏమీ తెలియదు.

“స... సరే అమ్మా, చూడు” అన్నాను.

“వద్దు సార్. అర్థమైంది” అని పుస్తకంలోకి వంగిపోయింది.

తర్వాత తొమ్మిది రోజులు ఆమె చెయ్యెత్తలేదు. నా వైపే చూడలేదు. చూడకపోతే ఆమెకి పాఠం లేదు. నేను పిచ్చివాడిలా ప్రతి ముక్కా బోర్డు మీద రాసేవాణ్ణి, ఆమె ముందు నిలబడి ఒక్కో మాటా వత్తి పలికేవాణ్ణి. ఆమె రాసినదాన్ని దించుకునేది, నోటివైపు మాత్రం కళ్ళెత్తేది కాదు. చిన్న పరీక్ష పెడితే ఇరవై ఐదుకి ఆరొచ్చాయి. ఆ పిల్ల గీయాల్సిన ఇళ్ళన్నీ నా చేత్తో నేనే డస్టరు పెట్టి తుడిచేస్తున్నట్టు అనిపించింది. ‘మళ్ళీ చెప్పండి’ అన్న మాట కోసం మొహం వాచిపోయాను.

ఒక సాయంత్రం టైలరు షాపు ముందునుంచి తల దించుకుని పోతుంటే ఆవిడ మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది.

“సార్, ఇంకోటి కుట్టాను. ఒకటి ఉతికినప్పుడు ఒకటి పెట్టుకోండి.”

“పిల్ల... ఏమంటోందమ్మా?” అన్నాను.

“చాలా బాగా చెప్తారంటోంది సార్.”

ఇంట్లో చెప్పలేదన్నమాట. అమ్మ కుట్టిన కిటికీలోంచి తనేం చూసిందో అమ్మకి తెలియకూడదని దాచేసింది. ఆ రెండో మాస్కు చేతిలో పెట్టుకుని, ఇంటిదాకా నడిచాను. బస్సెక్కి ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

మా ఆవిడకి అంతా చెప్పేశాను. బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగింది.

“నాతో చెప్పి ఏం లాభం? నేనేమైనా ఆ బెంచీలో కూర్చున్నానా?” అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఒక ఉపాయంతో వెళ్ళాను. చెప్పుకోడానికి సిగ్గే, కానీ ఉపాయమే. తిట్టు నిశ్శబ్దంగా తిట్టాను, క్షమాపణా నిశ్శబ్దంగానే చెప్తాను. ఆమెకి అర్థమవుతుంది, మిగతా నలభైమందికీ తెలియదు. నా మర్యాద నాకుంటుంది.

అందరికీ ఒక లెక్క ఇచ్చి మొదటి బెంచీ దగ్గరికి వెళ్ళాను. చెక్క మీద వేలితో తట్టాను. అదురు తగిలి ఆమె తలెత్తింది. చప్పుడు లేకుండా పెదవులు కదిపాను. తప్పు చేశానమ్మా, నన్ను క్షమించు.

చివరిదాకా చూసింది. ఆ తర్వాత, పది రోజుల్లో మొదటిసారిగా, చెయ్యెత్తింది.

“సార్, మళ్ళీ చెప్పండి.”

నా ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ అలాగే, చప్పుడు లేకుండా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి లేచి నిలబడింది.

“నాకు అర్థమైంది సార్. వెనక బెంచీకి వినపడలేదు.”

పెన్నులు ఆగాయి. నలభై జతల కళ్ళు పైకి లేచాయి. ఏమిటో ఒక లెక్క సంగతి చెప్పి తప్పించుకోవచ్చు, అదీ తట్టింది నాకు. ఆమె కూర్చోలేదు. ఆ పూట కంగారులో సబ్బు రాయడం మరిచిపోయానేమో, కిటికీ నిండా ఆవిరి కమ్ముకుంది. వేలు లోపలికి పెట్టి తుడుచుకున్నాను. ఆమెకి కనపడాలి కదా.

“ఈ అమ్మాయి సందేహం అడిగినప్పుడల్లా, మాస్కు చాటున నేను తిట్టాను” అన్నాను. “ఒకసారి కాదు. ఎన్నిసార్లో నాకే తెలీదు. తనకి వినపడదని తెలిశాక కూడా తిట్టాను. ఇందులోంచి తనకి కనపడింది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

“ఏమని తిట్టారు సార్?” అన్నాడు వెనకనుంచి ఒకడు, అమాయకంగానే.

నేనామె వైపు చూశాను. ఆమె నా నోటివైపే చూస్తోంది. ఆ రెండు మాటలూ చెప్పాను. ఇన్నాళ్ళూ చప్పుడు లేకుండా ఎంత తేలిగ్గా దొర్లేవో, ఇప్పుడు ఒక్కో అక్షరం గొంతు కోసుకుంటూ వచ్చింది. తర్వాత క్షమాపణ అడిగాను. ఎంత గట్టిగా అడిగానో నాకు తెలియదు. ఆటస్థలం అవతల సైకిలు షాపులో సుత్తి చప్పుడు మాత్రం ఆగిపోయింది.

ఆమె నవ్వలేదు. ‘పరవాలేదు సార్’ అనలేదు. కూర్చుంది. పుస్తకం పది రోజులు వెనక్కి తిప్పి, సగంలో ఆగిపోయిన వృత్తం దగ్గర పెన్సిలు పెట్టింది. కళ్ళెత్తి నా పెదవుల వైపు చూస్తూ, అవి ఏమంటాయా అని ఎదురుచూసింది.