నవాబు రాయి

పైసా తీసుకోకుండా ఎవరైనా మట్టి పనికి వస్తారా? అదీ ఆదివారం పూట, ఎండలో? ఎల్లయ్యకు ఈ సంగతి ఎంతకీ మింగుడుపడలేదు. ఛత్రినాకలో నలభై ఏళ్లుగా ఇంటింటికీ పాలు పోస్తున్న మనిషాయన. పిలిచి చాయ్ ఇచ్చినా, వీడికి నాతో ఏం పనిబడిందా అని ఆలోచించే రకం.

అలా బస్తీ పార్కుకు వచ్చినవాళ్లు పదిమంది. వానలకు కొట్టుకుపోయిన నడకదారికి బదులు కొత్తది వేస్తామన్నారు. వాళ్లను నడిపించేది హరిచందన అనే, ఏదో ఆఫీసులో పనిచేసే పిల్ల. టేపు పెట్టి కొలిచింది, సున్నంతో గీత గీసుకుంటూ వచ్చింది. ఆ గీత వేపచెట్టు కింద పసుపు పూసిన రాయికి నాలుగడుగుల ఇవతల ఆగింది. గోడ పక్క నుంచి చూస్తున్న ఎల్లయ్య రెండడుగులు ముందుకొచ్చాడు.

ఆ రాయి కింద నవాబు ఉన్నాడు. నవాబంటే ఆయన దున్నపోతు. పుట్టిన మూడోనాడే తల్లి పోతే, సీసాతో పాలు పట్టి పెంచుకున్నాడు. దీపావళి వెళ్లాక దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగనాడు ఒంటికి నూనె పట్టించి, మెడలో ఇత్తడి గంట కట్టి తీసుకెళ్తే, ఎల్లయ్య చెయ్యెత్తగానే ముందుకాళ్లు లేపి నిలబడేవాడు. బజారు బజారంతా ఈలలే! ఎనిమిదేళ్ల కిందట పోయాడు. అప్పటికది పార్కు కాదు, ఉత్త బంజరు. గంట మెడలో ఉండగానే పాతిపెట్టి, పైన రాయి నిలిపాడు. తర్వాత గోడ లేచింది, గేటు వచ్చింది, పశువులను లోపలికి తేవద్దని బోర్డూ వచ్చింది. ఇక్కడ నా దున్న ఉందని ఇప్పుడెవరితో చెప్పుకుంటాడు? తవ్వి పారేస్తే?

ఆగలేక దగ్గరికి వెళ్లాడు. "ఏందమ్మా, గీ పనికి మీకేమిస్తరు?"

"ఏమియ్యరు బాపు. ఇంటికి వోయినంక నడుము నొప్పులొస్తయి, గంతే," అని నవ్వింది హరిచందన. ఆ నవ్వుతో ఆయన అనుమానం ఇంకా ముదిరింది.

"గా పసుపు రాయి ఎవరిది బాపు?"

"నాకేం ఎరుక?" అనేశాడు ఎల్లయ్య.

ఆమె ఏదో నోటుబుక్కులో రాసుకుని, తవ్వకం వచ్చే ఆదివారమంది. అయిపోయింది, రాయికి మూడిందనుకున్నాడు. వారమంతా ముద్ద సరిగా దిగలేదు. శనివారం పొద్దున పాలు పోసి వస్తూ, రాయిని గోనెసంచిలో చుట్టి, ఖాళీ క్యాన్ల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

భార్య సుశీలమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. "రాయినైతే తెచ్చినవ్. నవాబునెట్ల తెస్తవయ్యా?"

"నీకేం తెల్వది, ఊకో. రాయి లేకుంటే ఆడ ఎవరు తవ్వుతరు?" అన్నాడు.

ఆదివారం ధీమాగా వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడేం పీకుతారో పీకండి అన్నట్టు చూశాడు. చూస్తుండగానే సున్నం గీత సూటిగా వేపచెట్టు కిందికి వెళ్లింది. గడ్డపార దిగింది. ఎనిమిదేళ్ల వానలకు పైమట్టి ఎంత పోయిందో ఏమో, నాలుగో పోటుకే ఖంగుమంది. ఎవరో వంగి చిలుము పట్టిన గంటను పైకెత్తారు.

"ఆపుండ్రి! మీ కాల్మొక్త, ఆపుండ్రి!"

ఎల్లయ్య గుంతలోకి దిగి గంటను లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. అందరి ముందూ భోరుమన్నాడు.

హరిచందన పక్కన కూర్చుని నోటుబుక్కు తెరిచింది. కిందటి వారం గీసిన దారి బొమ్మ అది. గీత రాయి దాకా వచ్చి, దాని చుట్టూ పెద్ద వంపు తిరిగింది. పక్కన 'ఎవరిదో మొక్కు, తగలొద్దు' అని రాసి ఉంది.

"రాయి ఉన్నదని దారి వంచినం బాపు. ఇయ్యాల వచ్చి చూస్తే రాయి లేదు. దాని మనుషులే తీస్కవోయిన్రనుకొని సక్కగ తవ్వినం. నిన్ను అడిగిన గదా?"

అడిగింది. నిజమే, అడిగింది. ఎల్లయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నాదే తల్లీ ఆ రాయి," అన్నాడు చివరికి. "నా కొడుకసొంటోడు. నవాబు."

ఆమె నేల మీది సున్నం గీతను చెరిపి మళ్లీ వంపు తిప్పింది. ఎల్లయ్య గంటను తీసినచోటే పెట్టి, పార అందుకున్నాడు. నవాబు మీద ఆయన మట్టి వేయడం అది రెండోసారి.